తల ఎత్తమనేదాకా

క్షమాపణకు వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళే మిఠాయి బరువుగా ఉండాలి. బిస్కెట్లూ, ఉబ్బిన కేకులూ పనికిరావు. ఎర్ర చిక్కుడు గింజల్ని చక్కెరతో ఉడికించి దిమ్మల్లా గట్టిపరుస్తారే, ఆ యోకాన్ అయితేనే సరి. పెట్టె అందుకోగానే అవతలివాళ్ళ చెయ్యి కిందికి జారాలి. తప్పు ఎంత బరువైనదో మాకు తెలుసు సుమా అని నోరు విప్పకుండా చెప్పడమన్నమాట. నోటితో చెప్పాల్సినవి వస్తువులతో చెప్పించడంలో కంపెనీవాళ్ళు ఆరితేరారు.

వారెన్ ఇకెగామి ఆ పెట్టెలు మోయబట్టి చాలా ఏళ్ళయింది. మొదట్లో భుజం లాగేది. ఇప్పుడు చేతిలో పెట్టె ఉన్నదీ లేనిదీ కూడా తెలియదు.

లాస్ ఏంజలెస్‌లో రైళ్ళు ఆ జపాను కంపెనీవి, నీళ్ళు కంపెనీవి. బయటి పొగ సోకకుండా ఊరి మీద కట్టిన గోపురాల్లో గాలి కంపెనీది. పెళ్ళికాని కుర్రకారు పడుకునే సొరుగులూ కంపెనీవే. సొరుగంటే నిజంగా సొరుగే. గోడలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. మనిషి అందులోకి దూరి, కాళ్ళు చాపి, మూత వేసుకుని పడుకుంటాడు. ఇన్ని యంత్రాలున్న ఊళ్ళో అప్పుడప్పుడు మనుషులు పోతుంటారు. పోయినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్ళి నేలకు నుదురు ఆనించాలి. దానికో శాఖ ఉంది. కంపెనీ దాన్ని చిత్తశుద్ధి శాఖ అంటుంది. నేతిబీరకాయలో నెయ్యెంతో ఆ శాఖలో చిత్తశుద్ధి అంత. ఊళ్ళోవాళ్ళు మాత్రం దణ్ణాల డిపార్టుమెంటు అంటారు. అడుసు తొక్కేది కంపెనీ, కాళ్ళు కడిగేది వారెన్.

ఈ ఉద్యోగం వారెన్‌కి చదువు చూసి ఇచ్చింది కాదు, ముఖం చూసి ఇచ్చింది. అతని తాత ముత్తాతలు ఏనాడో జపాన్‌లో ఓడెక్కి వచ్చి గార్డీనాలో స్ట్రాబెర్రీ తోటలు వేసుకున్నారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఇదే ముఖం చూసి అమెరికా ప్రభుత్వం వాళ్ళను ఎడారిలో ముళ్ళకంచె వెనక పడేసింది. ఇప్పుడు అదే ముఖానికి కంపెనీ యెన్లలో జీతమిస్తోంది. ముఖం మారలేదు, కాలం మారిందంతే. అలాగని కంపెనీ దొరలు అతన్ని తమలో కలుపుకున్నారనుకుంటే పొరపాటు. జపాను భాష వారెన్‌కి అరకొరగా వచ్చు. "మీ ఉచ్చారణ చాలా బాగుందండీ" అంటారు టోక్యో నుంచి వచ్చినవాళ్ళు. నిజంగా బాగున్నవాళ్ళతో ఎవరూ ఆ మాట అనరు.

అతనికి కంఠతా వచ్చిన జపాను వాక్యం ఒక్కటే. అది క్షమాపణ వాక్యం. క్షమించమని అందులో ఎక్కడా ఉండదు. "సంజాయిషీ చెప్పుకోవడానికి ఏమీ లేదు" అని దాని అర్థం. కొత్తలో ఈ సూక్ష్మం తెలియక, లాంగ్ బీచ్‌లో ఒకావిడ ఇంట్లో నుదురు నేలకు ఆనించి, "బ్రేకు పట్టు తప్పిందండీ, అందుకే రైలు ఆగలేదు" అనేశాడు పాపం. అమెరికావాడు కదా. తప్పు చేస్తే ఎందుకు చేశామో చెప్పడం మర్యాద అని ఇంట్లో నేర్పారు. ఆఫీసుకి తిరిగొచ్చాక అతని మీద ఎవరూ కేకలెయ్యలేదు. కారణం చెప్పడమంటే తప్పును కారణం మీదికి నెట్టడమేనని, అది అమర్యాదని, చాలా మెత్తగా బోధపరిచారు. మర్యాద మర్యాదే అనుకోండి. కానీ ఆ మర్యాద పుణ్యమా అని, ఎవరు ఎలా పోయారో ఆ ఊళ్ళో ఏ తల్లికీ తెలియదు.

మిగతా పద్ధతులు తేలిక. తల వంచాక, ఇంటివాళ్ళు "తల ఎత్తండి" అనేదాకా ఎత్తకూడదు. తరవాత గుడ్డలో మూటకట్టిన పెట్టెను రెండు చేతులతో అందించాలి. ఇంటివాళ్ళు రెండు చేతులతో అందుకుని ముడి విప్పితే ఇక ఆ సంగతి ముగిసినట్టే. కోర్టు లేదు, ప్రశ్న లేదు. ఖాళీ గుడ్డ మడిచి వెనక్కి తెచ్చుకోవడమే.

ఇన్నాళ్ళూ అవన్నీ ఎవరివో ఇళ్ళు. ఈసారి పోయినవాడు టోబయస్ ఒల్వేరా, ఇంట్లోవాళ్ళకు టోబీ. ఇరవై మూడేళ్ళవాడు, ఓడరేవులో క్రేన్ నడిపేవాడు. వారెన్ అక్క నోరీన్‌కి ఒక్కగానొక్క కొడుకు. సొరుగులోనే పోయాడు.

కంపెనీ ప్రకటనలో "స్వయం నిర్ణయం" అని ఉంది. సొరుగుల్లో కుర్రాళ్ళు తమంతట తామే పోవడం ఊళ్ళో కొత్త సంగతేం కాదు కాబట్టి ఆ మాటకు ఎవరూ ఉలిక్కిపడలేదు. నోరీన్ కూడా ఏడవలేదు. అంత్యక్రియల్లో జపాను ఆచారం ప్రకారం బూడిదలోంచి ఎముకలను పొడుగు పుల్లలతో ఒక్కొక్కటే ఏరి పెట్టింది. ఆ తరవాత తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, నీ శాఖలో అన్నీ తెలుస్తాయంటారు కదరా."

"అక్కా, ఫోన్లో వద్దు."

"నేను వాడితో ఏమన్నానో నీకు తెలీదు. రెండు వారాలు ఇంటికి రాలేదని, వస్తే రా, రాకపోతే మానెయ్, నాకేం పోయిందన్నాను. నాకేం పోయిందన్నాన్రా. అదే ఆఖరి మాట."

"ఊరుకో అక్కా."

"ఊరుకుంటాను. ఒక్కటి చెప్పు, ఊరుకుంటాను. వాడంతట వాడే పోయాడా? నా మాటకే పోయాడా?"

తెలియదని చెప్పి వారెన్ ఫోన్ పెట్టేశాడు. అప్పటికి అతనికి నిజంగానే తెలియదు. తెలిసింది మర్నాడు.

ఎవరైనా సొరుగులో పోతే, ఇంటికి వెళ్ళే ముందు శాఖవాళ్ళు ఆ సొరుగు రికార్డింగ్ వింటారు. ఏం జరిగిందో తెలుసుకుందామని కాదు, ఏ మాట నోరు జారకూడదో తెలుసుకుందామని. శాఖ పెద్ద హతనాకా ఒసాకా మనిషి. అరవైకి దగ్గర పడ్డాడు. తల వంచీ వంచీ మోకాళ్ళు అరగదీసుకున్నాడు. ఇద్దరూ బార్లీ టీ ముందు పెట్టుకుని కూర్చున్నారు.

జరిగింది ఇది. కరెంటు ఆదా కోసం పగలు ఖాళీ సొరుగులకు గాలి కట్టేస్తారు. ఆ రోజు టోబీ జ్వరంతో పనికి వెళ్ళలేదు, లోపలే పడుకున్నాడు. వెళ్ళిపోయాడనుకుంది యంత్రం. మూత బిగించి గాలి కట్టేసింది. వాడికి మెలకువ వచ్చింది. తలపక్కన గోడకుండే పిలుపు బటన్ నొక్కాడు.

"దయచేసి కొంచెం ఆగండి," అంది గొంతు.

ఊరంతటికీ ఆ గొంతు ఒక్కటే. లిఫ్టుల్లో, రైళ్ళలో, సొరుగుల్లో అదే ఆడమనిషి, తేనె పూసినట్టు మాట్లాడుతుంది. ఊళ్ళోవాళ్ళు అలవాటుకొద్దీ దానికి "సరే" అంటారు. టోబీ సరే అనలేదు. మళ్ళీ నొక్కాడు. ఆగమంది. మళ్ళీ నొక్కాడు. రికార్డింగులో ఇంకేమీ లేదు. బటన్ చప్పుడు, గొంతు. బటన్ చప్పుడు, గొంతు. చాలాసేపటికి బటన్ చప్పుడు ఆగిపోయింది. అప్పుడు గొంతు, "ఓపిగ్గా ఆగినందుకు ధన్యవాదాలు," అంది.

హతనాకా యంత్రం కట్టేశాడు. వారెన్ గ్లాసు కింద పెట్టాడు. పెట్టాక చూస్తే అది ఖాళీగా ఉంది. మేనల్లుడు పోతున్న చప్పుడు వింటూ టీ అంతా తాగేశానన్నమాట అనుకున్నాడు. అనుకున్నాడంతే. లోపల ఏమీ కదల్లేదు. పన్ను పీకేటప్పుడు చిగుళ్ళకు మత్తుమందిస్తారు చూడండి, అలా ఉంది అతనికి. కాకపోతే ఆ మందు ఎవరో ఎప్పుడో ఇచ్చారు, అది దిగడం మర్చిపోయింది.

హతనాకా కిటికీ వైపు చూశాడు. "సాన్ పెడ్రోలో మంచు ఇంకా విడలేదటండీ, ఇకెగామి గారూ."

"అవునండీ."

"మీ అక్కగారు ఉండేది అటువైపేనని విన్నాను."

"అవునండీ."

"తెలిసినవాళ్ళు వెళితే ఇంటివాళ్ళకూ కాస్త ఊరటగా ఉంటుందేమో."

"అవునండీ," అన్నాడు వారెన్ మూడోసారి.

అంతే, ఆజ్ఞ అయిపోయింది. గాలిని చదవడమంటారు దాన్ని. చెప్పని మాట గాలిలో చదువుకోవాలి. అది చేతకానివాడు ఆ ఊళ్ళో బతకలేడు. వారెన్ చదువుకున్నాడు. తమ్ముడు తెచ్చిన పెట్టెను అక్క కాదనలేదని వాళ్ళ ధీమా. కాదంటే తమ్ముడి ఉద్యోగం పోతుంది. ఇక రికార్డింగులో విన్నది తమ్ముడు అక్కకు చెబితే, చెప్పినవాడి గదీ పోతుంది, విన్నవాళ్ళ ఇల్లూ పోతుంది. గోపురం బయట ఆ పొగలో, యాభై దాటిన ఊపిరితిత్తులతో ఎన్నాళ్ళు బతుకుతారు? ఎవరికీ తెలియకుండా గుట్టుగా చెబుదామా అంటే అదీ కుదరదు. కోటు మీద వెండి బిళ్ళ ఉంటుంది. మనింట్లో గోడలకు చెవులుంటాయంటారు. అక్కడ చెవులు కోటుకే ఉంటాయి.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ సాన్ పెడ్రో వెళ్ళారు. తలుపు తీసిన నోరీన్ ముందు తమ్ముణ్ణి చూసింది, తరవాత అతని నల్ల కోటును చూసింది, తరవాత మూటను చూసింది.

"ఓహో, మిఠాయా," అంది. "చిన్నప్పుడు నా వాటా కూడా నువ్వే మింగేవాడివి. ఇన్నాళ్ళకు తిరిగిస్తున్నావన్నమాట."

వారెన్ చెప్పులు విప్పాడు. లోపల వేయించిన డబ్బా మాంసం వాసన వస్తోంది. ఆ వాసనతో అతనికి ఏ వారమో గుర్తొచ్చింది. అది టోబీ ఇంటికొచ్చే రోజు. అన్నం ముద్ద చేసి, దాని మీద వేయించిన మాంసం ముక్క పెట్టి, సముద్రపు నాచు కాగితంతో చుట్టి ఇస్తే నిలబడే నాలుగు తినేవాడు. అలవాటు కొద్దీ ఆవిడ ఆ వారం కూడా చేసింది. తినేవాడు గోడ మీద పటంలో ఉన్నాడు. పటం ముందు గిన్నెలో అన్నం, అన్నంలో, పోయినవాళ్ళకు పెట్టే పద్ధతిలో, నిలువుగా గుచ్చిన రెండు పుల్లలు.

"వాసన చూసి లొట్టలెయ్యకు. నీ కోసం చెయ్యలేదు," అంది నోరీన్.

హతనాకా గొంతు సవరించుకున్నాడు. ఇద్దరూ పక్కపక్కన మోకరించారు. అరచేతులు నేలకు ఆనించి, నుదుళ్ళు వంచారు. "సంజాయిషీ చెప్పుకోవడానికి ఏమీ లేదు," అన్నారు ఒకే గొంతుతో. మా సొరుగులో ఇలా జరిగి మీ మనసుకు కలత కలిగినందుకు అని హతనాకా మిగతాది పూర్తి చేశాడు.

ఇక ఇంటావిడ తల ఎత్తమనాలి. మామూలుగా వెంటనే అంటారు. ఎంత కోపంగా ఉన్నవాళ్ళయినా, ముసలివాడు నేల మీద పడి ఉంటే చూడలేరు. నోరీన్ అనలేదు. వాళ్ళ పక్కనుంచి నడిచి వంటగదిలోకి వెళ్ళింది. పొయ్యి ఆర్పిన చప్పుడు, కుళాయి తిప్పిన చప్పుడు వినబడ్డాయి. ఆవిడ ఏదో గిన్నె తోముతోంది. తోమి, బోర్లించి, చేతులు తుడుచుకుని తిరిగి వచ్చింది. హతనాకా మోకాలు టక్కుమంది.

"మోకాళ్ళు నొప్పాండీ?" అంది నోరీన్.

"సంజాయిషీ చెప్పుకోవడానికి ఏమీ లేదు," అన్నాడు హతనాకా నేలతో.

"అదొక్కటే వచ్చినట్టుంది మీకు. నొస్తే నొయ్యనీండి. ఇది నా ఇల్లు, తల ఎత్తమనేది నేను కదా. ఇంకా అనాలనిపించలేదు."

అని ఆవిడ చేసిన పని ఆ శాఖ చరిత్రలో ఎవరూ చేసి ఉండరు. వారెన్ పక్కన నేల మీద పడుకుంది. కుడి చెంప నేలకు ఆనించి, తమ్ముడి ముఖానికి ఎదురుగా ముఖం పెట్టింది. గార్డీనాలో చిన్నప్పుడు నానమ్మ పక్కన అలాగే పడుకునేవాళ్ళు. మాట్లాడితే నానమ్మ తిట్టేది. అందుకని ఒకరి అరచేతిలో ఒకరు వేలితో పొడుచుకుని నవ్వు ఆపుకునేవాళ్ళు.

దగ్గరినుంచి చూస్తే అక్క కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. రెప్పలు ఎర్రగా లేవు. నిద్ర లేని కళ్ళు అవి, ఏడ్చిన కళ్ళు కావు.

"ఒరేయ్, చెప్పు. వాడంతట వాడే పోయాడా?"

"సంజాయిషీ చెప్పుకోవడానికి ఏమీ లేదు," అన్నాడు వారెన్. గొంతు ఎప్పటిలాగే వచ్చింది. కోటు మీది బిళ్ళ అది విని సంతోషించి ఉంటుంది.

"సంజాయిషీ ఎవడడిగాడ్రా నిన్ను? నా కొడుకు సంగతి అడిగాను."

"సంజాయిషీ చెప్పుకోవడానికి ఏమీ లేదు."

"నా మాటకే పోయాడంటే పోయాడని చెప్పెయ్. మోస్తాను. తెలీకుండా మొయ్యలేకపోతున్నాను. ఇటు పడుకుంటే అదే, అటు తిరిగితే అదే. నాకేం పోయిందన్నానురా వాడితో."

ఆ మాటకు వారెన్‌కి ఏడుపు రావాలి. రాలేదు. వస్తుందేమోనని చూశాడు కూడా. కానీ చూస్తుండగా అతనికి ఒక సంగతి తట్టింది. హతనాకా తల నేలకే ఉంది. ఇంటావిడ చెప్పేదాకా అది లేవదు. బిళ్ళకు చెవులున్నాయి గానీ అదీ నేలనే చూస్తోంది. ఈ గదిలో ఇప్పుడు కళ్ళున్నది అక్కకూ తనకూ మాత్రమే. తల ఎత్తమని అక్క అనకపోవడం మొండితనం అనుకున్నాడు ఇందాక. కాదేమో.

అక్క చెయ్యి నేల మీద వెల్లకిలా ఉంది, అతని అరచేతికి జానెడు దూరంలో. వారెన్ చెయ్యి జరిపాడు. అక్క అరచేతి మధ్యలో బొటనవేలు పెట్టి ఒకసారి నొక్కాడు.

ఆవిడకు అర్థం కాలేదు. ఓదారుస్తున్నాడనుకుంది కాబోలు, వేళ్ళు ముడవబోయింది. వారెన్ ముడవనివ్వలేదు. మళ్ళీ నొక్కాడు. తీశాడు. నొక్కాడు. తీశాడు. గోడకున్న బటన్‌ను నొక్కినట్టు, ఎవరూ రాకపోతే మళ్ళీ నొక్కినట్టు.

ఆ ఊళ్ళో సొరుగు బటన్ ఎరుగని చెయ్యి లేదు. నోరీన్ కూడా పెళ్ళికి ముందు సొరుగులోనే ఉంది. నొక్కుతుండగా ఎక్కడో ఆవిడ కళ్ళు మారాయి. తమ్ముడి వేలు చూసింది, ముఖం చూసింది, మళ్ళీ వేలు చూసింది. పోదామనుకున్నవాడు ఎవర్నీ పిలవడు. వీడు పిలిచాడు. బతకాలని పిలిచాడు. అమ్మ మీద అలిగి పోలేదు, తలుపు తియ్యమని అడుగుతూ పోయాడు. ఇదంతా ఆవిడ ముఖంలో ఒక్కొక్కటే దిగడం వారెన్ చూశాడు. వేలు ఆపలేదు. టోబీ ఎంతసేపు నొక్కాడో అంతసేపూ నొక్కాలనుకున్నాడో, ఆపడం చేతకాలేదో, అతనికే తెలియదు.

నోరీన్ అతని బొటనవేలిని పిడికిట్లో పట్టేసింది. గట్టిగా, గోళ్ళు దిగేలా పట్టుకుంది. ఇక చాలు అన్నట్టు తల ఊపింది.

హతనాకా ఊపిరి మాత్రం వినబడుతోంది.

అప్పుడు నోరీన్ లేచి కూర్చుంది. చీర కుచ్చెళ్ళు సర్దుకునే ఆడవాళ్ళలా పంట్లాం మీది దుమ్ము దులుపుకుంది. "తలలు ఎత్తండి," అంది.

వారెన్ పెట్టె రెండు చేతులతో అందించాడు. ఆవిడ రెండు చేతులతో అందుకుంది. చెయ్యి కిందికి జారింది. "బరువే," అంది. ముడి విప్పుతుండగా ఏడుపు వచ్చింది. కొడుకు పోయినప్పటినుంచి ఏడవని మనిషి, ముడి సగంలో వదిలేసి, నోట్లో కుక్కుకోవడానికి కొంగు లేక చెయ్యి కుక్కుకుని ఏడ్చింది. హతనాకా మర్యాదగా గోడ వైపు చూశాడు. కాసేపటికి ఆవిడే ముక్కు తుడుచుకుని, మిగతా ముడి కూడా విప్పేసింది. దాంతో కంపెనీకి ఆ సంగతి ముగిసింది.

గుడ్డ తీసుకుని వంటగదిలోకి వెళ్ళి వచ్చింది. తిరిగి ఇచ్చేటప్పుడు అది మళ్ళీ మూటగా ఉంది.

"అక్కా, ఇది ఖాళీగా ఇవ్వాలి. పద్ధతి."

"ఎవడి పద్ధతి? ఇచ్చిన గుడ్డ ఖాళీగా తిరిగివ్వకూడదని నానమ్మ చెప్పలేదూ? పట్టుకెళ్ళు. సన్నబడ్డావు, చూడలేక చస్తున్నాను."

వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి, "వచ్చే వారం కూడా చేస్తాను. వస్తే రా," అంది. ఆగింది. "రా," అని మళ్ళీ అంది.

లిఫ్టు దగ్గర వారెన్ బటన్ నొక్కాడు.

"దయచేసి కొంచెం ఆగండి," అంది గొంతు.

"సరే," అన్నాడు హతనాకా అలవాటుగా.

వారెన్ మళ్ళీ నొక్కాడు. గొంతు మళ్ళీ ఆగమంది. మళ్ళీ నొక్కాడు. వేలు దానంతట అదే పోతోంది. గోళ్ళ గాట్లు ఎర్రగా పొంగి ఉన్నాయి దాని మీద.

"ఒకసారి నొక్కితే చాలండీ, ఇకెగామి గారూ."

"చాలదండీ," అన్నాడు వారెన్.

హతనాకా ఆ వేలి వంక చూశాడు. గాట్ల వంక చూశాడు. రికార్డింగు విన్నవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే, అందులో ఆయనొకడు. గాలిని చదవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆయన తన కోటు మీది వెండి బిళ్ళను ఒకసారి సరిచేసుకున్నాడు.

"నేను మీ అక్కగారి ఇంట్లో ఉన్నంతసేపూ తల వంచుకునే ఉన్నానండీ," అన్నాడు, బిళ్ళకు కూడా బాగా వినబడేలా. "నేల తప్ప ఏమీ చూడలేదు."

"అవునండీ."

"చక్కటి నేల. శుభ్రంగా తుడిచారు."

"అవునండీ."

"ఆ గుడ్డ ఖాళీగా లేనట్టుందే."

వారెన్ మూట విప్పాడు. నాచు చుట్టిన అన్నం ముద్దలు రెండున్నాయి, ఇంకా వెచ్చగా. ఒకటి హతనాకాకి ఇచ్చాడు. నిలబడి తినడం కంపెనీలో అమర్యాద. ఇద్దరూ నిలబడే తిన్నారు.

"ఉప్పు కొంచెం ఎక్కువైందండీ," అన్నాడు హతనాకా.

"మా అక్క ఎప్పుడూ అంతేనండీ. వాడికలాగే ఇష్టం."

అని ఇంకో కొరుకు కొరికాడు వారెన్. ఉప్పు తెలిసింది. ఎన్నేళ్ళ తరవాతో నాలుకకు ఒక రుచి తెలిసింది. నోట్లో ముద్ద అక్కడే ఉండిపోయింది. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

లిఫ్టు ఇంకా రాలేదు. దయచేసి కొంచెం ఆగండి అంది గొంతు. హతనాకా ఈసారి సరే అనలేదు. వేలికంటిన అన్నం మెతుకు నాకేసి, చెయ్యి చాచి బటన్ నొక్కాడు. కాసేపు చూసి, మళ్ళీ నొక్కాడు.